సహ్వీర వేళాకోళం

జైరోస్ చేతులకు భయం వేయడం అప్పటికి రెండోసారి.

ఐర్లాండ్ వాళ్ళతో ఆఖరి వన్డే అయిపోయిన శనివారం సాయంత్రం అది. హరారే మైదానం డ్రెస్సింగ్ రూములో కెప్టెన్ కుందై బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. జైరోస్ కర్పూరం నూనె అరచేతుల్లో రుద్దుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి, వెన్నుకి అటూ ఇటూ బొటనవేళ్ళతో నొక్కుకుంటూ కిందికి వచ్చాడు. నడుము దగ్గర ఎడమ పక్కన, ఎముకని ఆనుకుని, ఒక వేలు ఆనేంత చోట వేడి తగిలింది. ఆట అయిపోయి రెండు గంటలైంది, ఒళ్ళంతా చల్లబడింది. ఆ ఒక్కచోట మాత్రం, నిప్పు ఆర్పేసిన తర్వాత కూడా పొయ్యిరాయి కాలుతూ ఉన్నట్టుగా ఉంది. ఇంకాస్త నొక్కాడు. కుందై ఎడమకాలి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

మొదటిసారి ఈ వేడి తగిలింది పద్నాలుగేళ్ళ కిందట, ఫినియాస్ అనే బౌలర్ నడుములో. జైరోస్ అప్పటికి జట్టులో కొత్త. అంతకుముందు పొగాకు వేలం షెడ్లలో బేళ్ళు మోసేవాడు. తోటి హమాలీల నడుములు పట్టీ పట్టీ చేతికి ఆ విద్య అబ్బింది. తర్వాత హైఫీల్డ్‌లో ఫుట్‌బాల్ కుర్రాళ్ళ పిక్కలు పట్టాడు, అక్కణ్ణించి క్రికెట్‌కి వచ్చి పడ్డాడు. డాక్టర్లు ఉన్నారు కదా, బేళ్ళు మోసినవాడిని నాకెందుకులే అనుకుని ఆ రోజు నోరు మూసుకున్నాడు. సరిగ్గా తొమ్మిదో రోజున ఫినియాస్ బంతి వేయబోతూ కుప్పకూలాడు. ఇప్పుడు చిటుంగ్విజాలో కొడుకు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, వచ్చే పోయే వ్యాన్లని చూస్తుంటాడు. క్రిస్మస్‌కి జైరోస్ వెళ్తే చొక్కా పైకెత్తి వీపు తిప్పుతాడు. జైరోస్ నొక్కుతాడు. ఆ విషయం మాత్రం ఇద్దరూ ఎత్తరు.

అందుకే ఈసారి అక్కడికక్కడే చెప్పేశాడు.

"సింహం, నీ నడుం విరగబోతోంది."

బల్ల మీంచి నవ్వు వినిపించింది. "మా నాన్న పోయినప్పుడు ఆయన కోటు నీకు పొట్టయిందని ఏడ్చావు కదా. నా కోటు అతికినట్టు సరిపోతుందిలే సహ్వీరా, తొందరపడకు."

చుట్టూ ఉన్న ఆటగాళ్ళందరూ పడీ పడీ నవ్వారు.

సహ్వీర అంటే స్నేహితుడు అనుకుంటే పొరపాటు. స్నేహితుణ్ణి మనం ఎంచుకుంటాం, సహ్వీరని తాతలు ఎంచి పోతారు. కుందైది సింహం వంశం, జైరోస్‌ది కోతి వంశం. సింహాల ఇంట్లో ఎవరు పోయినా కోతుల ఇంటివాడు వచ్చి, పోయినవాడి కోటు, టోపీ వేసుకుని, అతనిలాగే నడిచి, అతనిలాగే దగ్గి, ఏడుస్తున్నవాళ్ళని నవ్వించాలి. పోయినవాడి పిసినారితనం, తాగుడు, దొంగ మొక్కులు అన్నీ వాళ్ళ మొహం మీదే చెప్పాలి. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. బతికున్నప్పుడు కూడా అంతే, సహ్వీర ఏమన్నా పడాలి. మన బావామరదుల ఎకసెక్కాలు దీని ముందు ఏ మూలకీ చాలవు. బస్సు కండక్టరుగా చేసిన కుందై తండ్రి పోయినప్పుడు జైరోస్ ఆయన టోపీ పెట్టుకుని శవం చుట్టూ తిరిగి అందరినీ టిక్కెట్లు అడిగాడు. పదేళ్ళ కుందై ఏడుస్తూనే నవ్వాడు. ఆ రోజు నుంచీ జైరోస్ నోరు తెరిస్తే చాలు, మాట పూర్తికాకముందే వాడికి నవ్వొస్తుంది.

నిజం చెప్పడానికి పుట్టిన హక్కు అది. కానీ నిజాన్ని నవ్వులో పెట్టి పెట్టి ఇరవై మూడేళ్ళు వడ్డించాక, వట్టి నిజం పెడితే తినేవాడు ఎవడు? పైగా జైరోస్ తక్కువవాడేం కాదు. పోయిన ఏడాది "వీడు బౌండరీ దగ్గర పరిగెత్తుతూనే చస్తాడు, గొయ్యి అక్కడే తవ్వండి" అన్నాడు. అంతకుముందు కుందై పెళ్ళిలో "ఈ నడుం పెళ్ళికి పనికిరాదు" అని పెళ్ళికూతురి వాళ్ళకే చెప్పాడు. నాన్నా పులి కథలో కుర్రాడైనా రెండుసార్లే అరిచాడు.

ఆ ఏడాది ఆటలు కూడా అలాగే ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ముప్పై ఒక్క మ్యాచ్‌లు. ఒక జట్టు విమానం ఎక్కుతుంటే ఇంకో జట్టు దిగుతోంది. కుందై అన్నిట్లోనూ ఆడాడు, అన్నిట్లోనూ బౌలింగ్ చేశాడు. కెప్టెన్‌కి విశ్రాంతి ఎప్పుడివ్వాలి అని ఎవరినడిగినా ఒకటే జవాబు, దీని తర్వాత. ఏ 'దీని' తర్వాతో ఎవరూ చెప్పరు. రేడియోలో వాదించుకునే పెద్దమనుషులు, వ్యాన్ల వెనక సీట్లలో వాదించుకునేవాళ్ళు అందరూ ఆ మాట మీదే నిలబడ్డారు. దేశం మొత్తం ఒక మనిషి వెన్నెముక మీద కూర్చుని ఇంకాసేపు, ఇంకాసేపు అంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

గురువారం అఫ్గాన్ వాళ్ళతో టెస్టు మొదలు. ఆదివారం పొద్దున్నే జైరోస్ కోచ్ డెన్‌ఫోర్డ్ గదికి వెళ్ళాడు. డెన్‌ఫోర్డ్ చెడ్డవాడు కాదు. ఆడే రోజుల్లో అతని మోకాళ్ళు పదేళ్ళపాటు జైరోస్ చేతుల మీదే నడిచాయి. జైరోస్ టోపీ తీసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కుందైని ఈ టెస్టు ఆడించొద్దు బాబూ. నడుంలో వేడి ఉంది. ఎముక చీలుతోంది."

డెన్‌ఫోర్డ్ కాగితాల మీంచి తలెత్తి చూసి నవ్వాడు. "ఈసారి టోపీ కూడా తీశావే. బాగా కుదిరింది సెకురూ." పెద్దాయన అని జట్టులో అందరూ జైరోస్‌ని అలాగే పిలుస్తారు.

"నాటకం కాదిది."

"ఆ మాట కూడా నాటకంలోదే. వాడు నిన్ననే చెప్పాడు నాకు, మా సహ్వీర నా కోటు కొలతలు తీసుకుంటున్నాడని."

"ఫినియాస్‌కి కూడా ఇలాగే..."

డెన్‌ఫోర్డ్ మొహంలో నవ్వు కాస్త తగ్గింది. బల్ల మీదున్న కాగితం ఇటు తిప్పాడు. కుందై ఏ వారం ఎన్ని బంతులు వేశాడో అందులో గళ్ళు గీసి ఉంది. గళ్ళన్నీ పచ్చరంగులోనే ఉన్నాయి. "ఇదిగో, ఫిజియో ఇచ్చింది. అంతా సరిగ్గానే ఉందట. నొప్పుందా అని నేనే అడిగాను, లేదన్నాడు. ఆరు వారాల్లో ప్రపంచకప్ క్వాలిఫయర్లు సెకురూ. అక్కడ ఓడితే నాలుగేళ్ళు మనల్ని ఎవడూ ఆటకి పిలవడు. ఈ టెస్టు కానియ్. దీని తర్వాత రెండు వారాలు మంచం దిగనివ్వను, స్కాన్ కూడా తీయిస్తాను. సరేనా?"

కాగితానికి రంగు తెలుస్తుంది గానీ వేడి తెలియదు. ఆ మాట జైరోస్ నోటిదాకా వచ్చింది. అన్నా నవ్వే వస్తుందని మింగేసి బయటికొచ్చాడు.

ఇక మిగిలింది ఒక్క మనిషి. కుందై కోచ్ మాట దాటగలడు, డాక్టరు మాట దాటగలడు, తల్లి మాట మాత్రం దాటడు. వద్దురా అని ఆవిడ ఒక్క ఫోన్ చేస్తే బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేస్తాడు. సోమవారం మధ్యాహ్నం జైరోస్ హైఫీల్డ్‌లో ఆవిడ ఇంటికి బయల్దేరాడు. ఆవిణ్ణి అందరూ మాయ్ కుందై అనే పిలుస్తారు, కుందై వాళ్ళమ్మ అని.

మామూలుగా అయితే జైరోస్ వీధి చివర ఉండగానే ఇంట్లోవాళ్ళకి తెలిసిపోతుంది. "ఈ పిసినారి సింహాల కొంపలో ఇవాళైనా పొయ్యి వెలిగిందా" అని గేటు దగ్గర్నుంచే మొదలుపెడతాడు. ఆవిడ లోపల్నుంచే "అరటిపళ్ళు లేవు, కోతులు వేరే ఇల్లు చూసుకోండి" అంటుంది. ఆ రోజు మాత్రం చప్పుడు చేయకుండా గేటు తీశాడు. ఇది వేళాకోళం కాదని ఆవిడకి మొదటే తెలియాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. జైరోస్ టోపీ తీసి పక్కన పెట్టి, కింద కూర్చుని, తల వంచి, రెండు చేతులూ కలిపి మెల్లగా రెండుసార్లు చప్పట్లు కొట్టాడు, పెద్దవాళ్ళ దగ్గర ముఖ్యమైన మాట చెప్పబోయేవాళ్ళు కొట్టినట్టు.

మాయ్ కుందై చేతులు ఆగిపోయాయి.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు."

"మరి ఆ టోపీ ఎందుకు తీశావు? వాళ్ళ నాన్న బస్సు బోల్తా పడ్డ రోజున ఇలాగే వచ్చావు నువ్వు. చప్పుడు లేకుండా. అక్కడే కూర్చున్నావు. రెండు చప్పట్లు కొట్టావు."

జైరోస్‌కి ఆ సంగతి గుర్తే లేదు. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ మాత్రం ఆ రెండు చప్పట్లూ మర్చిపోలేదు.

"కుందై..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ లేవబోయింది. ఒళ్ళోని కాయలు చాప మీదికి జారిపోయాయి. ఒక చేత్తో గోడ పట్టుకుంది, రెండో చెయ్యి గుండె మీద ఉంది. అసలే రక్తపోటు మనిషి. పెదవులు తెల్లబడ్డాయి. "నా కొడుక్కేమైంది జైరోస్? చెప్పు. నువ్వు ఇలా కూర్చోకు. లేచి ఏదన్నా అను. నన్ను తిట్టు. సహ్వీర తిన్నగా కూర్చుంటే ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు లేచిపోతారు."

ఇక్కడ జైరోస్ చేసిన పని తప్పని ఎవరైనా అంటారు, నేనూ అంటాను. కానీ ఆ గోడ పట్టుకున్న చేతిని చూసి, పుట్టినప్పటినుంచీ నవ్వించడమే ధర్మంగా బతికిన మనిషి ఇంకేం చేయగలడో నాకు తెలియదు.

"నీ కొడుక్కేమవుతుంది, దున్నపోతులా ఉన్నాడు," అన్నాడు. "శనివారం చేతిలో పడ్డ క్యాచ్ వదిలేశాడుగా. నీకు మొహం చూపించలేక, వెళ్ళి మా అమ్మ కాళ్ళు పట్టుకో అని నన్ను పంపాడు."

ఆవిడ గోడ వదిలి చాప మీదికి వంగింది. పొట్టు గుప్పెడు తీసి అతని మొహాన కొట్టింది. "చంపేశావు కదరా కోతి నాయాలా," అని నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి మొక్కజొన్నపిండి సంకటి లాంటి సడ్జా, ఎండుచేపల కూర, ఆకుకూర తెచ్చి ముందు పెట్టింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు దగ్గర కూర్చుని కబుర్లు చెప్పింది. ఇంత ముద్ద చేసి, కూరలో అద్ది, జైరోస్ మొత్తం తిన్నాడు. చెప్పడానికి వెళ్ళిన మాట కూడా ఆ ముద్దలతోపాటే కడుపులోకి పోయింది.

మంగళవారం కుందై నడుములో వేడి ఒక వేలంత చోటు నుంచి రెండు వేళ్ళంత అయింది.

బుధవారం ఆఖరి ప్రాక్టీసు. అందరూ నెట్స్ దగ్గర ప్యాడ్లు విప్పుకుంటున్నారు. చేతులు చెప్పిన మాటని నోరు చెప్పలేకపోయింది. ఇక జైరోస్‌కి వచ్చిన భాష ఒక్కటే మిగిలింది. కుర్చీ మీదున్న కుందై టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. కుందై స్వెటర్ తొడుక్కున్నాడు. దూరంగా నడిచి వెళ్ళి వెనక్కి తిరిగాడు.

అప్పటికే అందరూ చూస్తున్నారు. ఎవరో ఫోన్ తీశారు.

జైరోస్ పరుగు మొదలుపెట్టాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి అచ్చం కుందైలా పరిగెత్తాడు. గడ్డం పైకి, మోచేతులు వెడల్పుగా. కుందైకి కూడా తెలియనిది ఒకటుంది, ఈ రెండు వారాల్లో ఎడమ అడుగు పడినప్పుడల్లా నడుము కాస్త కుంగుతోంది. జైరోస్ అదీ చూపించాడు. గీత దగ్గరికొచ్చి ఎగిరాడు, చెయ్యి తిప్పాడు, ఎడమకాలు నేలకి ఆనగానే చెయ్యి నడుము మీదికి పోయింది. మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగి, చెంప గడ్డికి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఫినియాస్ ఎలా పడ్డాడో అలాగే పడ్డాడు.

మైదానం గొల్లుమంది. స్లిప్‌లో నిలబడే ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. డెన్‌ఫోర్డ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది కుందైయే. నవ్వు నాలుగు విధాల చేటు అని మన పెద్దలన్నారు. ఆ నాలుగూ ఆ రోజు ఒకచోటే చేరాయి.

అందరూ బస్సు వైపు వెళ్ళాక కుందై దగ్గరికి వచ్చి టోపీ తీసుకున్నాడు.

"నేను అలా కుంటుతున్నానా?"

"అలాగే కుంటుతున్నావు."

కుందై టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "పోయిన ఏడాది బొటనవేలు విరిగి నేను కూర్చుంటే, వైస్ కెప్టెన్ కుర్రాడు ఎనభై కొట్టి గెలిపించాడు. చూశావుగా పేపర్లు. ముప్పై మూడొచ్చాయి నాకు. కొత్త నీరొస్తే పాత నీరు ఆగదు సహ్వీరా. నేను ఒక్కసారి లేచానంటే ఆ కుర్చీ నాది కాదు."

"కుర్చీ మాట తర్వాత. కూర్చోవడానికి నడుం ఉండాలి కదా. నిజంగా చెబుతున్నాను కుందై. ఎగతాళి కాదు."

వాడి పేరు పెట్టి జైరోస్ ఎప్పుడూ పిలవలేదు. కుందై అతని మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం వాడి కళ్ళల్లో భయం లాంటిది కదిలింది. అంతలోనే నవ్వేశాడు.

"భలే నమ్మించేవాడివే. సోమవారం అమ్మ దగ్గరికెళ్ళావుగా? రాత్రి ఫోన్ చేసి ఒకటే నవ్వు. టోపీ తీసి, చప్పట్లు కొట్టి, క్యాచ్ గురించి చెప్పావట. ఆ మాట వినేదాకా నాకూ లోపల గుబులుగానే ఉంది. నిజంగా ఏదన్నా ఉంటే నువ్వు అమ్మకి చెప్పకుండా వస్తావా? అప్పుడు పట్టేశాను నిన్ను."

ఆవిణ్ణి నవ్వించిన ఆ ఒక్క అబద్ధం, జైరోస్ చెప్పిన నిజాలన్నిటి మీదా రాయిలా కూర్చుంది.

"దీని తర్వాత పడుకుంటాలే," అని కుందై అతని భుజం తట్టి బస్సెక్కాడు.

గురువారం టాస్ ఓడిపోయారు. ఎండలో రోజంతా బౌలింగే. జైరోస్ బౌండరీ అవతల నూనె సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కుందై అడుగులు లెక్కపెట్టాడు. భోజనాలప్పుడు కుందై బల్ల మీద పడుకోనన్నాడు, నిలబడే తిన్నాడు. టీ తర్వాత మళ్ళీ బంతి తీసుకున్నాడు. మైదానం మూలన అభిమానుల గుంపు డోళ్ళు వాయిస్తూ పాడుతోంది. తన పదిహేడో ఓవరు మూడో బంతికి గడ్డం పైకెత్తి, మోచేతులు వెడల్పు చేసి పరిగెత్తుకొచ్చాడు. ఎగిరాడు. ఎడమకాలు నేలకి ఆనింది. చెయ్యి నడుము మీదికి పోయింది. మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగి, చెంప గడ్డికి ఆనించి అలాగే ఉండిపోయాడు.

స్లిప్‌లో ఉన్న ఇద్దరూ నవ్వారు.

కీపరు గ్లౌజులతో చప్పట్లు కొట్టాడు. నిన్న సహ్వీర ఆడిన ఆట కెప్టెన్ ఇవాళ తిరిగి ఆడి చూపిస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు. పెవిలియన్ మెట్ల మీద డెన్‌ఫోర్డ్ కూడా నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. ఎవరూ కదల్లేదు. కింద పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకుంటాడని అందరూ ఎదురుచూశారు.

పరిగెత్తింది జైరోస్ ఒక్కడే. తాడు దాటి, టోపీ ఎగిరిపోయినా చూసుకోకుండా, అరిగిపోయిన మోకాళ్ళతో ఎగుడుదిగుడుగా పరిగెత్తాడు. ఆ పరుగు చూసి మూలన గుంపు ఇంకా గట్టిగా నవ్వింది. అతను పక్కన మోకాళ్ళ మీద పడేసరికి కుందై కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహమంతా చెమట.

"సహ్వీరా," అన్నాడు నెమ్మదిగా. "టీవీలో అమ్మ చూస్తుంటుంది. నువ్వలా మొహం పెట్టకు."

"సరే."

"కాళ్ళు ఎలా ఉన్నాయో చూడు. చల్లగా ఉన్నాయి."

జైరోస్ ఎడమ బూటు విప్పాడు, మేజోడు లాగేశాడు. పొగాకు బేళ్ళు మోసిన బలమంతా పెట్టి, కుందై కాలి బొటనవేలిని నొక్కాడు. గోరు చుట్టూ తెల్లగా పాలిపోయింది. వేళ్ళు ముడుచుకోలేదు.

"పట్టుకున్నావా?" అని అడిగాడు కుందై.

జైరోస్ వేలు వదల్లేదు. చుట్టూ ఆటగాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వస్తున్నారు. వాళ్ళ మొహాల్లో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పెద్ద కెమెరా వీళ్ళ వైపే తిరిగి ఉంది.

"ఇంకా లేదు," అన్నాడు జైరోస్. "నీ మేజోళ్ళ కంపుకి దగ్గరికి రాలేక చస్తున్నాను. సింహాలు కాళ్ళు కడుక్కోవా?"

కుందై నవ్వాడు. కళ్ళు మూసుకుని, నిజంగానే నవ్వాడు. అది పెద్ద తెర మీద కనిపించింది. సహ్వీర ఎకసెక్కమాడుతున్నాడంటే ఏమీ కాలేదన్నమాటే అనుకున్నారు మూలన గుంపు వాళ్ళు, మళ్ళీ డోళ్ళు అందుకున్నారు. జైరోస్ రెండు చేతులతో ఆ వేలిని పట్టుకుని, ఇంకా గట్టిగా నొక్కుతూ కూర్చున్నాడు.